పసుపు మరక పోని ఎండ

నేల కిందికి దిగిన అరవై మూడో ఏడు, మాఘ శుద్ధ సప్తమి

ఎండ దిగింది: ఏడుంపావుకు. తప్పుకుంది: అయిదుంపావుకు. గంటసేపు ఎండ వాటాకు వచ్చిన పిల్లలు: ముప్పై ఒక్కరు.

ఎండబయలు పుస్తకంలో ఈ మూడు ముక్కలే రాయాలని నియమం. పద్దెనిమిదేళ్ళుగా నేను ఈ మూడు ముక్కలే రాశాను. ఇవాళ్టి నుంచి నా మాటలు కూడా రాస్తాను. బయలు సభవాళ్ళకు నచ్చకపోతే పేజీ చింపుకోమనండి.

రథసప్తమి కదా, దిగువపేట మొత్తం బయలులోకి వచ్చింది. ఈ ఒక్క పూట కోసం ఏడాది పొడుగునా కుండీల్లో సాకే జిల్లేడు చెట్లను గంటలో బోడిగుండు చేశారు. నెత్తిన, భుజాల మీద ఆకులు పెట్టుకుని అందరూ ఎండబావి కింద నిలబడ్డారు. పైన నేల మీద ఉన్న అద్దం పట్టుకున్న ఎండ మూడు వందల అడుగుల రాతిబావిలో దిగి, కింది అద్దం మీద పడి, బయలంతా పరుచుకుంది. మేలిమి బంగారం రంగు.

"సామి ఈ నాలుగేండ్లుగా ఎంత సల్లగ సూస్తాండాడో సూడు" అని సభపెద్ద తిరుపాలమ్మ చెంపలు వేసుకుంది.

చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఎత్తుకుని చూపించిన ఎండ ఇలా ఉండేది కాదు. తెల్లగా, కళ్ళలో కారం కొట్టినట్టు ఉండేది. ఆ మాటే పైకి అన్నాను. "మద్దిలేటమ్మా, నీకు అన్నిట్లో వంకే" అంది తిరుపాలమ్మ. నిజమే. పప్పులో రాయి తగిలితే నేను రాయిని చూడను, వండినవాళ్ళ ముఖం చూస్తాను.

పులిహోర పంచేటప్పుడు ఎవరో వేదిక మీద పరిచిన తెల్లదుప్పటి మీద ఒక పిడికెడు ఒలకబోశారు. ఎండకాపలాతో పాటు పేట బట్టలుతకడం కూడా నా పనే, ఎందుకంటే పిల్లలు నిలబడేదీ బట్టలు ఆరేదీ ఈ ఒక్క బయలులోనే. దుప్పటి ఉతికి తాడు మీద వేశాను.

అందరూ వెళ్ళిపోయాక నా మనవరాలు చెంచి వేదిక మెట్లు ఎక్కబోయింది. మూడే మెట్లు. రెండోదాని దగ్గర కూలబడి ఏడ్చింది. మూడేళ్ళు నిండిన పిల్ల. మోకాళ్ళు రెండూ బయటికి వంగి, నడిస్తే బాతులా ఊగుతుంది. వాళ్ళమ్మ సుంకులు, అంటే నా కూతురు, గబగబా వచ్చి పిల్లను ఎత్తుకుని, చుట్టూ చూసి, లంగా అంచు కిందికి లాగింది.

మాఘ శుద్ధ త్రయోదశి

ఎండ దిగింది: ఏడూ పదికి. తప్పుకుంది: అయిదూ ఇరవైకి. వాటాకు: ముప్పై ఒక్కరు.

దుప్పటి మీద పసుపు మరక పోలేదు.

ఇది చిన్న విషయం అనుకునేవాళ్ళు ఎప్పుడూ బట్టలుతకలేదన్నమాట. పసుపు మరకకు సబ్బు పనికిరాదు, చాకిరేవు మట్టీ పనికిరాదు. ఎండ ఒక్కటే దాన్ని తినేస్తుంది. నేను మా అమ్మ చేతి కింద పని నేర్చుకునే రోజుల్లో పొద్దున ఆరేస్తే సాయంత్రానికి మరక ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చేది. ఈ మధ్య మరకలు మొండికేస్తుంటే రంగుబట్టలే కదా అని వదిలేశాను, తెల్లదుప్పటి మీద అలా కళ్ళు మూసుకోలేను. ఇప్పుడు ఆరు రోజులైంది. నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే నవ్వుతోంది.

అనుమానం ఒకసారి మొదలైతే నాకు నిద్ర పట్టదు, అన్నం సయించదు. పెట్టె తీసి నా నీలిచీర చూసుకున్నాను. నాలుగేళ్ళుగా వారానికి రెండుసార్లు కట్టి ఉతికే చీర. కొంగు వెలవలేదు, అంచు వెలవలేదు. ఇంతకుముందు ఏ నీలిచీరైనా రెండేళ్ళలో బూడిదరంగుకు వచ్చేది. రంగులు బాగా వేస్తున్నారు కాబోలని ఇన్నాళ్ళూ సంబరపడ్డాను. పిల్లలను చూశాను. గంటసేపు ఎండలో నిలబడ్డ పిల్లలు, ఒక్కరి చెంపా కమల్లేదు.

రంగును తినని ఎండ, ఒంటిని కమలించని ఎండ. అసలది ఎండేనా?

డాక్టరు రమీజా దగ్గరికి వెళ్ళాను. చిన్నది గానీ బాగా చదువుకుంది. చెంచి కాళ్ళ సంగతి మళ్ళీ అడిగాను.

"అక్కా, ఎండ తగలని పిల్లోల్లకు ఎముకలు మెత్తబడి కాళ్ళు ఇట్ల వంగుతాయి. అది నాకూ తెలుసు. కానీ మన పిల్లోల్లకు ఎండ తగల్లేదని ఎట్ల చెప్పేది? నీ పుస్తకం తెచ్చి చూసినా. చెంచి మూడో నెల నుంచి ఒక్క రోజు కూడా వాటా తప్పలా. అంటే ఇది వంశంలో వచ్చిందే."

"మా వంశంలో అందరివీ కట్టెల్లాంటి కాళ్ళు" అన్నాను.

"పుస్తకం రాసింది నువ్వే గదక్కా" అంది.

నా రాతే నా నోరు మూయించింది. ఇంకా ఆలస్యమైతే ఆ కాళ్ళు అలాగే గట్టిపడిపోతాయని కూడా చెప్పింది. ఏడాదో, ఏడాదిన్నరో.

మాఘ బహుళ తదియ

ఎండ, వాటా: మామూలే.

దస్తగిరి దగ్గరికి వెళ్ళాను. దస్తగిరి అద్దాల మేస్త్రీ. పైన గాలి పీల్చేందుకు లేదు కాబట్టి, మొహానికి తొడుగు బిగించుకుని ఏడాదికి రెండుసార్లు బావి మెట్లెక్కి పై అద్దం తుడిచి వచ్చేది అతనొక్కడే, అతనికి ముందు వాళ్ళ నాన్న. మిగతా మేమెవరమూ పైన ఏముందో చూడలేదు. అరవై మూడేళ్ళుగా ఒక్క కుటుంబం మాట మీద సూర్యుణ్ణి నమ్ముతున్నాం. ఇంతకాలం ఈ సంగతి నాకు ఎందుకు తట్టలేదో!

అద్దాలగది బయటే ఆపేశాడు. తలుపు కొంచెం తెరిచి, భుజం అడ్డం పెట్టి మాట్లాడాడు.

"పైన దీపం పెట్టినావా దస్తగిరీ?"

"ఏం దీపమక్కా?"

"అద్దం పగిలిపోయింటుంది. చెప్పుకునేదానికి మొహం లేక పెద్ద దీపమొకటి కట్టింటావు. బంగారు రంగు దీపం."

అతని ముఖం ఎర్రబడింది. "సూర్యుని మీదనే అనుమానమా నీకు? పెండ్లిండ్లకు ఆయన సాక్షి, పంచాయితీలకు ఆయన సాక్షి. నువ్వు ఆయన మీదనే సాక్షి అడుగుతాండావు. పో అక్కా, పో. బట్టలుతుక్కో పో."

తలుపు వేసేశాడు. నిజం చెప్పేవాడు తలుపెందుకు వేస్తాడు?

మాఘ బహుళ ఏకాదశి

ఎండ, వాటా: మామూలే.

దారి దొరికింది. మా బడిపంతులు ఏటా పంచాంగం గుణించి గోడకు అంటిస్తారు. ఎవరూ చదవరు, తిథులు తప్ప. నేను చదివాను. ఈ అమావాస్యనాడు పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు సూర్యగ్రహణం, పావు బింబానికి కొంచెం ఎక్కువ. దస్తగిరి ఎంత మొనగాడైనా దీపానికి గ్రహణం పట్టించలేడు. పట్టించాలంటే ముందు పంచాంగం చదవాలి, అతను చదవడు.

నీళ్ళ దగ్గర ఆడవాళ్ళందరి ముందూ చెప్పేశాను: ఆ రోజు గ్రహణం కనపడకపోతే మీరు దండం పెట్టుకుంటున్నది దీపానికి. సగంమంది చెవులు మూసుకున్నారు. సగంమంది దగ్గరికి జరిగారు.

సుంకులు నన్ను పక్కకు లాక్కుపోయింది. "అమ్మా, ఊరంతా నిన్ను చూసి నవ్వుతాండారు. నా పాప కాళ్ళ సంగతి నలుగుర్లో ఎత్తొద్దు, నీకు దండం పెడతా."

"నేను దీపం గురించి మాట్లాడితి గానీ కాళ్ళ గురించి ఎత్తితినా?"

"అందరికీ తెలుసు నువ్వు ఎందుకు మాట్లాడతాండావో" అని వెళ్ళిపోయింది.

మాఘ బహుళ అమావాస్య

ఎండ దిగింది: ఏడింటికి. వాటా: గ్రహణం కాబట్టి లేదు.

ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున తొమ్మిదింటికే బయలు నిండిపోయింది. కడుపుతో ఉన్నవాళ్ళను ఇళ్ళలో పెట్టి తలుపులు వేశారు. ఊరగాయ జాడీల మీద గరిక వేశారు. పైన ఉన్నది దీపమంటే నమ్మినవాళ్ళు కూడా గరిక వేశారు, అది నేను చూశాను. నేను అట్టముక్కకు సూదితో బెజ్జం పొడిచి, ఎండకు అడ్డంగా పట్టుకుని, దాని నీడ తెల్లదుప్పటి మీద పడేలా నిలబడ్డాను. బెజ్జంలోంచి రూపాయి బిళ్ళంత వెలుగు దుప్పటి మీద పడింది. అది దీపమైతే ఆ బిళ్ళ గుండ్రంగానే ఉంటుంది.

పదీ ఇరవై అయింది. ఏమీ లేదు. పదీ ఇరవై రెండు. గెలిచాననుకున్నాను. పదీ ఇరవై నాలుగుకు బిళ్ళ కుడిపక్కన ఎవరో పంటితో కొరికినట్టు చిన్న నొక్కు పడింది. చూస్తుండగానే పెరిగింది.

ఎవరో గట్టిగా "నారాయణా" అన్నారు. అందరూ వంగి దుప్పటి మీది ఆ కొరికిన బిళ్ళను చూశారు. తర్వాత నన్ను చూశారు. మొదట ఒకరు నవ్వారు, తర్వాత ఆపుకోలేక అందరూ నవ్వారు. తిరుపాలమ్మ కళ్ళు తుడుచుకుంటూ, "సూర్యునికి పరీక్ష పెట్టి పాసు చేయించిందిరా మన మద్దిలేటమ్మ" అంది. దస్తగిరి నవ్వలేదు. అద్దాలగదిలోకి వెళ్ళిపోయాడు. అతను తిట్టినా నేను ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

గ్రహణం విడిచాక దుప్పటి తీసి మడుస్తుంటే మరక చేతికి అందింది. ఇంకా అలాగే ఉంది. సూర్యుడు నిజం. మరక కూడా నిజం.

ఫాల్గుణ శుద్ధ పంచమి

ఎండ, వాటా: మామూలే.

దస్తగిరి దుస్తులు ఇస్త్రీ చేసి స్వయంగా తీసుకెళ్ళాను. తప్పయిపోయిందని చెప్పాను. చెంపలు వేసుకోమంటే వేసుకునేదాన్నే, అడగలేదు. లోపలికి రమ్మన్నాడు. తలుపు ఎందుకు వేస్తాడో అప్పుడు తెలిసింది. గది నిండా అద్దాల ముక్కలు. చిన్నపిల్లలు వస్తే కోసుకుంటారు.

"ఎండ నిజమైందే" అన్నాను. "మరి మరక ఎందుకు పోవడంలేదు? ఎండలో ఏమన్నా కలిపినారా?"

"కలపలేదక్కా. తీసేసినాం."

"ఏం తీసేసినారు?"

"మీరు తీసేయమనిందే."

అతను లేచి పెట్టెలోంచి కాగితాల కట్ట తీశాడు. బావి పైమూత పలుగురాయిని కరిగించి చేసిన పలక. దానిగుండా ఎండ ఎలా వచ్చేదో అలాగే దిగేది. నాలుగేళ్ళ కిందట సభ చెప్పినట్టు అతను ఆ పలక మీద గిడ్డంగిలో దొరికిన తేనెరంగు పొర ఒకటి అంటించాడు. ఎండలో కమలించే భాగాన్ని, రంగులు తినే భాగాన్ని ఆ పొర ఆపేస్తుంది. మిగిలిన బంగారు వెలుగే కిందికి వస్తుంది. "పాత బొమ్మల్లో సూర్యుడు ఇట్లనే ఉంటాడని అందరూ మెచ్చుకున్నారు గదక్కా. నాకు శాలువ కూడా కప్పిరి" అన్నాడు. ఆ మెప్పుకు ఇప్పటికీ మురిసిపోతున్నాడు, పాపం.

కాగితం నా చేతికిచ్చాడు. బయలు సభ ఆడవాళ్ళ అర్జీ. "ఎండబయలులో బట్టలు వెలిసిపోతున్నవి. పసిపిల్లలు కమిలి నల్లబడుచున్నారు. కావున తగు ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాము." కింద నూట ముప్పై సంతకాలు.

చేతిరాత నాది. మొదటి సంతకం నాది.

అంతా ఒక్కసారి గుర్తొచ్చింది. అర్జీ ఇచ్చాక ఏం చేశారో నేను అడగలేదు, శాలువ కప్పింది అద్దం బాగా తుడిచినందుకే అనుకున్నాను. సుంకులుకు అప్పుడే నెల తప్పింది. మా వంశంలో అందరం నల్లగా ఉంటాం, నా పెళ్ళికి ఎన్ని మాటలు పడ్డానో నాకు తెలుసు. పుట్టబోయే బిడ్డ ఎండలో కమిలి ఇంకా నల్లబడకూడదని నేనే తిరుపాలమ్మను పట్టుకుని, నేనే అర్జీ రాసి, నేనే ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాను. బట్టల మాట పైకి చెప్పడానికి రాసింది. అసలు సంగతి ఆ పిల్ల.

ఇన్నాళ్ళూ దస్తగిరిని, డాక్టర్ని, సూర్యుణ్ణి, అందర్నీ అనుమానించాను. నన్ను తప్ప.

ఫాల్గుణ శుద్ధ సప్తమి

ఎండ, వాటా: మామూలే. వాటా అని రాయడానికి చెయ్యి రావడంలేదు.

రమీజాకు చెప్పాను. "నాలుగేండ్లుగా నేను నీ పుస్తకం చూసి మందులు రాస్తాండా" అంది. పొర తీసేస్తే, చిన్నపిల్లల ఎముకలు కాబట్టి చాలామందికి నిదానంగా సర్దుకుంటాయంది. చాలామంది అంటే ఎందరని నేను అడగలేదు.

సుంకులుకు చెప్పడం అంతకంటే కష్టమైంది. అర్జీ చూపించాను. చదివింది. మళ్ళీ చదివింది.

"నా కోసమా?"

"నీ బిడ్డ కోసం."

"నా బిడ్డ ఇంకా పుట్టకముందే దాని రంగు నీకు నచ్చలేదా అమ్మా?"

పిల్లను ఎత్తుకుని వెళ్ళిపోయింది. తలుపు కూడా వేయలేదు, అలాగే వదిలేసి వెళ్ళింది.

దస్తగిరి తనంతట తాను పొర తీయనన్నాడు. సభ పెట్టించింది సభే తీయించాలి. బయలు మీద అజమాయిషీ ఆడవాళ్ళది. మొత్తం రెండు వందల ఇరవై ఆరుగురం. నూట పద్నాలుగు సంతకాలు కావాలి.

ఫాల్గుణ పౌర్ణమి

ఎండ: మామూలే.

సభలో మాట్లాడాను, ఓడిపోయాను.

ముందురోజు ఒక లెక్క చూసుకున్నాను. నా దగ్గరికి వచ్చే ప్రతి మూటకూ ఉతికినా చెరగని జీడిరసంతో ఇంటి గుర్తు ఉంటుంది. ఎవరింట్లో ఏ బట్ట ఎప్పుడు కుట్టించారో నాకు తెలుసు. నాలుగేళ్ళలోపు పిల్లలున్న ముప్పై ఒక్క ఇళ్ళల్లో పందొమ్మిది ఇళ్ళవాళ్ళు ఈ ఏడాది పిల్లల లంగాలూ పైజామాలూ చీలమండల దాకా దించి కుట్టించారు. మోకాళ్ళు కనపడకుండా. ప్రతి తల్లీ తన బిడ్డ ఒక్కదానికే అలా ఉందనుకుని కప్పుకుంటోంది.

ఆ పందొమ్మిది పేర్లూ చదివేద్దామని కాగితం మీద రాసుకుని వెళ్ళాను. లేచి నిలబడ్డాక ఆ తల్లుల ముఖాలు చూశాను. నాకెంత దుడుకు ఉన్నా అంత పని చేయలేకపోయాను. నా సంగతి మాత్రం చెప్పాను: నా మనవరాలి కాళ్ళు వంగాయి, నేను రాసిన అర్జీ వల్లే వంగాయి, ఆ పొర తీసేయాలి.

"మొన్న దీపమంటివి" అని వెనకనుంచి ఎవరో అన్నారు. "ఇప్పుడు పొర అంటావు. రేపు బావే లేదంటావు."

రమీజా లేచి ఎముకల సంగతి వివరించబోయింది. నాలుగేళ్ళుగా వంశం వంశం అని చెప్పినదానివే కదా అని ఆమెనూ కూర్చోబెట్టారు.

"పొర తీస్తే పిల్లోల్లు కమిలి బొగ్గయితే నీదా పూచీ?" అంది తిరుపాలమ్మ. "బంగారంలాంటి సూర్యుణ్ణి పాడు చేసుకుందామా ఒక్క పసుపు మరక కోసం?"

సభలోనైతే అందరి ముందూ వచ్చి సంతకం పెట్టాలి. ఇరవై మూడు పడ్డాయి. కాళ్ళు వంగిన బిడ్డల తల్లుల్లో నలుగురే వచ్చారు. మిగతా వాళ్ళు ఎందుకు రాలేదో నాకు అర్థమైంది. లేచి వస్తే ఎందుకు వచ్చిందని అందరూ ఆమె బిడ్డ లంగా వైపు చూస్తారు. సుంకులు మూడో వరసలో చెంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది, లేవలేదు.

సభలో పెట్టనివాళ్ళు తర్వాత నాకు సంతకం ఇవ్వడానికి ఉగాది దాకా గడువు ఉంది. అంతవరకూ కాగితం నా దగ్గరే ఉంచుకోమన్నారు, జాలిపడి.

ఫాల్గుణ బహుళ చవితి

ఎండ: మామూలే.

ఇవాళ ఒక మూట విప్పితే, చిన్న లంగా అంచుకు పిన్నీసుతో కాగితం ముక్క గుచ్చి ఉంది. దాని మీద సంతకం, ఇంటి పేరు. ఇంకేమీ లేదు. మొదట అర్థంకాలేదు. ఎవరో ఆటపట్టిస్తున్నారని అనుమానపడి మూట గుర్తు చూశాను. పందొమ్మిది ఇళ్ళలో ఒకటి. లంగా పట్టుకుని అక్కడే రాతి మీద కూర్చుండిపోయాను.

సాయంత్రానికి ఇంకో నాలుగు వచ్చాయి. ఒకటి పైజామా జేబులో.

ఫాల్గుణ బహుళ ఏకాదశి

ఎండ: మామూలే.

ఎనభై ఎనిమిది. ఒకరికొకరు ఎలా చెప్పుకుంటున్నారో, అసలు చెప్పుకుంటున్నారో లేదో నాకు తెలియదు. నీళ్ళ దగ్గర ఎవరూ ఈ మాటే ఎత్తరు. నేను వెళ్తే మాట మార్చేస్తారు. మూటలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఉతికిందే మళ్ళీ ఉతకమని పంపుతున్నారు, కాగితం గుచ్చడానికి సాకుగా. చేతులు పగిలిపోయాయి. ఒక్క ఉతుకూ వద్దనలేదు.

ఇవాళ్టి మూటల్లో తిరుపాలమ్మ ఇంటి గుర్తు ఉన్నది ఒకటి. ఆమె మనవడి పైజామా. కాగితం మీద ఆమె సంతకమే, సభ కాగితాల మీద పెట్టే అదే పెద్ద సంతకం. పొద్దున ఎదురైనప్పుడు "ఏం మద్దిలేటమ్మా, ఇంగా వదల్లేదా ఆ పిచ్చి?" అని పదిమందిలో నవ్వింది. నేనూ నవ్వాను.

సుంకులు మూట రెండుసార్లు వచ్చింది. ప్రతి మడతా విప్పి చూశాను. ఏమీ లేదు.

ఉగాది

ఎండ: మామూలే.

నూట పందొమ్మిది. సుంకులు సంతకం లేకుండానే.

కాగితాలన్నీ సభ ముందు పెట్టాను. తిరుపాలమ్మ లెక్కబెట్టి, ముఖంలో ఏమీ కనపడనీయకుండా, "సరిపోయినాయి" అంది. ఎవరెవరు పెట్టారో చదవలేదు. ఆ మేలు మాత్రం మరిచిపోను.

చైత్ర శుద్ధ నవమి

ఎండ దిగింది: ఆరూ నలభైకి.

దస్తగిరి నిన్న పొద్దున పైకెక్కాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మూడు వందల అడుగులు, మొహానికి తొడుగు. పైనుంచి ఏమైనా రాలి పడుతుందని కింది అద్దం మీద నిన్నంతా గుడ్డ కప్పి ఉంచాడు. మధ్యాహ్నం రెండింటికి దిగి వచ్చాడు. చంకలో చుట్టచుట్టిన తేనెరంగు పొర ఉంది. "అయిపోయిందక్కా" అన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. నాలుగేళ్ళు అంటుకుపోయిన పొర ఒక్క పూటలో మొత్తం ఊడి వస్తుందా? సగం గీకి దిగివచ్చాడేమో. ఆ మాట అనకుండా నాలుక కరుచుకుని, గుడ్డముక్క మీద పసుపుచుక్క పెట్టి ఉంచుకున్నాను.

ఇవాళ ఎండ దిగింది. బయలులో ఉన్నవాళ్ళందరం ఒక్కసారిగా చేతులు అడ్డం పెట్టుకున్నాం. తెల్లగా ఉంది. చిన్నపిల్లలు కొందరు భయపడి ఏడ్చారు, ఇది సూర్యుడు కాదని. వాళ్ళు పుట్టినప్పటి నుంచీ చూసింది ఆ బంగారాన్నే కదా. "పాత సామి" అని ఒక ముసలామె నేల మీద పడి దండం పెట్టింది. బంగారం పోయిందని గొణిగినవాళ్ళు కూడా ఉన్నారు, పేర్లు రాయను.

సాయంత్రానికి గుడ్డముక్క మీద చుక్క సగానికి సగం పోయింది. దస్తగిరికి తీసుకెళ్ళి చూపించాను. "అనుమానం తీరిందా?" అన్నాడు. "ఇవాళ్టికి తీరింది" అన్నాను. ఇకమీదట రోజూ ఒక చుక్క పెట్టి ఆరేస్తాను, పుస్తకంలో నాలుగో ముక్కగా అది రాస్తాను. నా తర్వాత వచ్చే ఎండకాపరి కూడా రాయాలి.

వాటాకు వచ్చిన పిల్లలు: ముప్పై మంది. చెంచి రాలేదు.

చైత్ర శుద్ధ ద్వాదశి

ఎండ దిగింది: ఆరూ నలభైకి. పసుపుచుక్క: పోయింది. వాటాకు: ముప్పై ఒక్కరు.

సుంకులు పిల్లను తీసుకొచ్చింది. నాతో మాట్లాడలేదు. నా పక్కన కాకుండా అవతలి గోడ దగ్గర కూర్చుంది. లంగా తీసేసి, పిల్లను ఎండలో ఉత్త ఒంటితో నిలబెట్టింది. వంగిన కాళ్ళు అందరికీ కనపడుతున్నాయి. చెంచి కళ్ళు చికిలించుకుని, కోపంగా ఎండను చెయ్యితో కొట్టబోయింది. ఇంకో తల్లి చూసింది. కాసేపటికి ఆమె కూడా తన బిడ్డ పైజామా విప్పింది.

గంట అయ్యాక ఎత్తుకుని వెళ్ళిపోయింది. రేపు వస్తుందో రాదో అడగడానికి నాకు ధైర్యం లేకపోయింది.

వైశాఖ శుద్ధ పంచమి

ఎండ దిగింది: ఆరున్నరకు. పసుపుచుక్క: పోయింది. వాటాకు: ముప్పై ఒక్కరు.

రోజూ వస్తోంది. రెండు నెలలు కావస్తోంది నాతో మాట్లాడి, అవతలి గోడ దగ్గరే కూర్చుంటుంది. కాళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. ఏడాది తర్వాత గానీ చెప్పలేమని రమీజా అంది. రోజూ కళ్ళతో కొలుస్తున్నాను, కొలవకూడదని తెలిసి కూడా.

ఇవాళ వాటా అయిపోయే వేళకు సుంకులు లేచి, పిల్లను చంకనేసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. నా ముందు నిలబడి, చెంచి నడుముకు కట్టిన నల్ల మొలతాడును వేలితో కొంచెం పైకి జరిపింది. తాడు కింద సన్నగా తెల్లటి గీత. దాని పైనా కిందా ఒళ్ళంతా కమిలి ఉంది.

"నల్లబడిందమ్మా" అంది.

నాలుగేళ్ళ కిందట ఆ మాట వినకూడదనే అర్జీ రాశాను. ఇప్పుడు ఆ గీత మీద వేలు పెట్టి చూసుకున్నాను. చెంచికి గిలిగింత పుట్టి మెలికలు తిరిగింది.

"బాగా నల్లబడిందా?" అన్నాను.

"బాగా" అంది సుంకులు. నా పక్కన కూర్చుంది.

వాటా గంట కొట్టారు. మేం ముగ్గురం లేవలేదు.